ఆటల పీరియడ్ లెక్కల మాస్టారి ఖాతాలోకా?

సంపాదకులు గారికి,

పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో మళ్ళించడం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా బడుల్లో మామూలైపోయింది. పిల్లలు ఎదిగేకొద్దీ కాళ్ళూ చేతులూ వాటంతటవే కుదురుకుంటాయి, ఆట లేకపోతే పోయేదేముందన్న ధీమా దీని వెనుక ఉన్నట్టుంది. ఆ ధీమాలో సగమే నిజం.

వయసు చేయవలసిన పని వయసు చేస్తుంది. మన దేశంతో సహా ఐదు దేశాల పసివాళ్ళను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, బిడ్డ ఆసరా లేకుండా నడవడం 8 నెలలు దాటిన దగ్గర నుంచి పదిహేడున్నర నెలల వరకు ఎప్పుడు మొదలైనా సహజమే. పక్కింటి పాప ముందుగా నడిచిందని ఏ తల్లీ దిగులు పడనక్కర్లేదు. అయితే ఎగిరి వచ్చే బంతిని అంచనా వేసి పట్టడం, పరుగు మధ్యలో ఉన్నట్టుండి పక్కకు మళ్ళడం వంటివి వయసుతోపాటు వాటంతటవే వచ్చేవి కావు. కంటి నుంచి, లోపలి చెవి నుంచి, కండరాలు, కీళ్ళ నుంచి వచ్చే సమాచారాన్ని చిన్నమెదడు సరిచూసుకుంటూ కదలికను దిద్దుకోవాలంటే ఆ కదలిక మళ్ళీ మళ్ళీ జరగాలి. జర్మనీలో కిఫార్డ్, షిల్లింగ్ 1974లో రూపొందించిన, నేటికీ పలు దేశాల్లో వాడుకలో ఉన్న శరీర సమన్వయ పరీక్షలోని నాలుగు అంశాల్లో ఒకటి ఒంటికాలిపై గెంతడం. మన ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళలో ఆ పని చేయడమే కాక, ఒంటికాలిపైనే నిలిచి వంగి బిళ్ళను కూడా తీసేవారు.

అసలు చిక్కు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వస్తుంది. ఆడపిల్లలు దాదాపు 12 ఏళ్ళకు, మగపిల్లలు 14 ఏళ్ళకు అటూ ఇటుగా ఒక్కసారిగా పొడుగవుతారు. కాళ్ళూ చేతుల కొలతలు మారడంతో కొందరిలో కొంతకాలం తడబాటు కనిపిస్తుంది. ఆ కొత్త కొలతలకు శరీరం అలవాటు పడవలసిన రోజుల్లోనే మనం ఐఐటీ ఫౌండేషన్ పేరిట వాళ్ళను బెంచీలకు అతికిస్తున్నాం, ఆడపిల్లలనైతే పెద్దదానివయ్యావంటూ ఆటలు మాన్పిస్తున్నాం. బొద్దుగా ఉన్న పిల్లవాడి సంగతి మరీ అన్యాయం: పరుగెత్తలేడని జట్టులోకి తీసుకోరు, తీసుకోరు కనుక సాధన ఉండదు, సాధన లేక మరింత వెనకబడతాడు.

అయితే నూటికి సుమారు ఐదారుగురు పిల్లల్లో కదలికల సమన్వయ లోపం పెరుగుదలతో సర్దుకోదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, పలక మీదో పుస్తకంలోనో కుదురుగా రాయడం కూడా వారికి కష్టమే. ఇంట్లోనూ తరగతిలోనూ అజాగ్రత్త అని తిట్లు తినే అలాంటి పిల్లలను మైదానంలో చూసే వ్యాయామ ఉపాధ్యాయుడు ముందుగా గుర్తించి వైద్యుల వద్దకు పంపించగలడు. ఆటల పీరియడే లేనప్పుడు ఆయన చూసేదెవరిని?

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు కదిలే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. తనిఖీకి వచ్చే విద్యాశాఖ అధికారులు టైంటేబుల్ కాగితంతో సరిపెట్టుకోకుండా, ఆ పీరియడ్‌లో పిల్లలు ఎక్కడున్నారో స్వయంగా చూడాలని, ముఖ్యంగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఆటల పీరియడ్‌ను మరో సబ్జెక్టుకు ఇవ్వరాదని రెండు ప్రభుత్వాలూ స్పష్టమైన ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు