మార్చి బోర్డుల మీద వచ్చిన రాగి వలయం

మా కుషాయిగూడ వర్క్‌షాపులో బోరు మోటార్ల మొబైల్ స్టార్టర్ బోర్డులు తీసుకునే వారందరికీ. మార్చిలో ఇచ్చిన 180 బోర్డుల్లో ఒక్కటీ సరైనది కాదు. ఫోను చేసినా మోటారు తిరగడం లేదని ముందుగా చెప్పింది జనగామ మెకానిక్ ఒకాయన. అక్కడ వరి పొట్ట దశలో ఉంది, నీళ్లు ఆగకూడని రోజులు. నేనేమో ఆయన సిమ్ కార్డు మీద అనుమానం పెట్టాను. ఆయనకు ఫోనులో క్షమాపణ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

బోర్డు వెనక్కి వచ్చాక భూతద్దం కింద పెట్టాను. రిలే (మోటారును ఆన్ చేసే స్విచ్) పక్కన ఆకుపచ్చ పూత కింద చొక్కా గుండీ అంత రాగి వలయం! అది నేను గీసింది కాదు. మూడు ట్రాకుల (బోర్డు మీది రాగి గీతల) మీదుగా వెళ్లి, చుట్టూ గ్రౌండుగా పరిచిన రాగి పొరలో (కాపర్ పోర్) కలిసింది. రిలేను ఆన్ చేయాల్సిన లైను అలా గ్రౌండుకు అతుక్కుపోయింది.

నా ఫైలులో ఆ చోట ఉన్నది మలుపు సవరించినప్పుడు మిగిలిపోయిన ఆర్క్ (వంపు గీత) ముక్క. వ్యాసార్థం 6 మిల్లీమీటర్లు, పొడవు 9 మైక్రాన్లు. బోర్డులు వేసే సరఫరాదారు దాన్ని తన పాత సాఫ్ట్‌వేర్‌లో అంగుళాల్లోకి మార్చి, దశాంశం తర్వాత మూడు అంకెలే ఉంచాడు. అంటే 25.4 మైక్రాన్ల కన్నా చిన్న తేడా నిలవకపోవచ్చు. ఆర్క్ మొదలూ చివరా ఒకే బిందువయ్యాయి. బోర్డు మీద ఏం గీయాలో యంత్రానికి చెప్పే గెర్బర్ ఫైలులో మామూలుగా వాడే ఆర్క్ పద్ధతిలో మొదలూ చివరా ఒకటైతే అది పూర్తి వృత్తమని లెక్క. యంత్రం నిబంధన ప్రకారం వృత్తమే గీసింది.

‘టెస్ట్ చేసే పంపాం’ అన్నాడు సరఫరాదారు. నిజమే, చేశాడు. కానీ ఏది దేనికి కలవాలన్న జాబితాను ఆ చెడిపోయిన ఫైలు నుంచే తీశాడు. షార్టు కూడా డిజైనులో భాగమే అనుకుని యంత్రం పాస్ చేసింది. పదకొండేళ్ల పరిచయం మాది. తప్పు ఒప్పుకుంటాడనుకుంటే, ‘ఈ రోజుల్లో వంపు ట్రాకులు ఎవరు గీస్తున్నారండీ, అందరూ 45 డిగ్రీల మలుపులే కదా’ అన్నాడు. ఆ మాట నాకు 180 బోర్డుల నష్టం కన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

నాలుగు రాత్రులు ఇదే ఆలోచన. మా అబ్బాయి కూడా ‘వంపులు తీసేద్దాం నాన్నా, స్టార్టరుకు వాటితో లాభమేముంది?’ అన్నాడు. ఈ బోర్డులో ఉన్న సిగ్నళ్ల వేగాలకు వంపు వల్ల విద్యుత్ పరంగా ఏ లాభమూ లేదు. అది నాకూ తెలుసు. కానీ నేను పని నేర్చుకున్నది పారదర్శక షీటు మీద నల్ల టేపు అంటించి. వేలితో నొక్కుతూ తిప్పితే టేపు తనంతట తానే వంగేది. కంప్యూటర్ వచ్చాక ఏళ్ల తరబడి అన్నీ కోణాలే గీశాను. 2021 డిసెంబరులో బోర్డు డిజైను సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ 6 వచ్చాకే ఆర్క్ ట్రాకులను సరిగా గీసే వీలు చిక్కింది. ఇప్పుడు ఒకరి పాత సాఫ్ట్‌వేర్ కోసం మళ్లీ మానుకోవాలా? మానను. మొండితనం అనుకుంటే అనుకోండి.

అయితే ఆ ముక్కను మిగిల్చింది నేనే, పంపే ముందు గెర్బర్‌ను పెద్దది చేసి చూడనిదీ నేనే. ఇకపై 0.1 మిల్లీమీటరు కన్నా చిన్న ఆర్క్‌లు ఫైలులో ఉండవు. కొలతలు మిల్లీమీటర్లలో, దశాంశం తర్వాత ఆరు అంకెలతో వెళ్తాయి. టెస్టు కోసం ఏది దేనికి కలవాలో చెప్పే జాబితాను (ఐపీసీ-డి-356 నెట్‌లిస్టు) మా డిజైను నుంచే తీసి ఇస్తాం. కాపర్ పోర్‌ను మళ్లీ నింపకుండా ఫైలు తీయడం జరగదు. సరఫరాదారును మార్చాను.

కొత్త బోర్డులు పన్నెండు రోజుల్లో వస్తాయి. ధర పాతదే, మార్చి బోర్డులకు బదులుగా ఇచ్చేవి ఉచితం, కొరియరు ఖర్చు మాది. వలయాన్ని బ్లేడుతో కోసుకుని వాడుకుంటామని ఇద్దరు అడిగారు. కోస్తే పనిచేస్తుంది, నేనే చేసి చూశాను. అయినా వద్దు, అవి వెనక్కి పంపండి. వాటి మీద మా పేరు అచ్చయి ఉంది.