మిద్దెతోట సంఘం వార్షిక నివేదిక: కొత్త చర్చ మొదలుపెట్టే ముందు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా నెలకోసారి, రెండో ఆదివారం, ఎవరో ఒకరి మిద్దె మీద కలుసుకున్నాం. మృగశిర కార్తెకు ముందు విత్తనాలు పంచుకున్నాం. చలికాలంలో నారు ఇచ్చిపుచ్చుకున్నాం. జమాఖర్చుల కాగితం నివేదిక వెనకే జతచేశాం. ఇక మిగతా అంతా మన చర్చల గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడాది మనం మార్చుకున్నది దాన్నే.

వేసవిలో జరిగిన ఒక సమావేశంలో కొత్తగా చేరిన ఒకావిడ లేచి, "మా మిరప మొక్కల ఆకులు ముడుచుకుపోతున్నాయండీ, ఏం చేయాలి?" అని అడిగారు. అప్పటికి కంపోస్ట్ డబ్బాలో పురుగుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ మాట అక్కడే ఆగిపోయింది. మిరప మీద తలా ఒక సలహా ఇచ్చాం. ఒకరు వేపనూనె అన్నారు, ఇంకొకరు నీటిలో కరిగే గంధకం అన్నారు. ఆవిడ పాపం రెండూ రాసుకుని వెళ్లి, శనివారం నూనె, మంగళవారం గంధకం కొట్టారు, అదీ మండుటెండల్లో. ఆకులు మాడిపోయాయి.

నూనె కొట్టాక రెండు వారాలైనా ఆగకుండా గంధకం కొట్టకూడదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు అసలే కొట్టకూడదు. మనలో చాలామందికి తెలిసిన సంగతే ఇది. అయినా ఆ రోజు ఎవరమూ చెప్పలేదు. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న కూడా అడగలేదు: ఆకు పైకి ముడుచుకుందా, కిందికా? పైముడత అయితే తామర పురుగులు, కిందిముడత అయితే నల్లి; రెండూ ఆకు రసం పీల్చే చిన్న పురుగులే. గంధకం నల్లి మీద పనిచేసే మందు. ఆవిడ మొక్కలకు వచ్చింది పైముడత అని తర్వాత తెలిసింది. సంఘం తరఫున ఆవిడకు ఇక్కడ మరోసారి క్షమాపణ చెబుతున్నాను.

ఆ తర్వాతి నెల నుంచి చీటీ పద్ధతి పెట్టాం. కొత్త విషయం ఏదైనా చర్చకు పెట్టాలంటే ముందే చీటీ రాసి ఇవ్వాలి. నడుస్తున్న చర్చ ముగిశాకే దాన్ని చదువుతాం. ఏ మొక్క, ఎంత వయసు, ఎంత కుండీ, ఎండ ఎన్ని గంటలు పడుతుంది, నీళ్లు ఎప్పుడెప్పుడు పోస్తున్నారు, ఇప్పటికే ఏమేం కొట్టారు అనేవి అందులో ఉండాలి. ఈ చివరిది రాయడానికి చాలామంది మొహమాటపడుతున్నారు. దయచేసి పడకండి, అన్నిటికంటే పనికొచ్చేది అదే. వీలైతే తెగులు సోకిన ఆకును ఒక కవర్లో పెట్టి తీసుకురండి, మూతి గట్టిగా కట్టి.

చీటీ మీద మొదటి వరుస కూడా ముఖ్యమే. "మొక్క చచ్చిపోతోంది, అర్జెంట్" అని రాస్తే టెన్షన్ తప్ప ఇంకేమీ తెలియదు. "టమాటా కాయల అడుగు నల్లబడుతోంది" అని రాసిన ఒక మాస్టారికి చీటీ చదవగానే జవాబు దొరికింది: కాయకు కాల్షియం అందడం లేదు, కుండీ ఒకరోజు ఎండిపోయి మరోరోజు నీళ్లలో నానుతోంది. అదే చీటీలో ఆయన కరివేపాకు గురించి కూడా అడిగారు, అది మాత్రం మరుగునపడిపోయింది. అందుకే ఒక చీటీకి ఒకే విషయం. కుండీలు, ఎరువులు అమ్మాలనుకునేవాళ్లు ఆ సంగతిని ప్రశ్నలా రాయకుండా, సమావేశం అయ్యాక నేరుగా చెప్పండి.

జరిగిన ప్రతి చర్చనూ ఇప్పుడు పుస్తకంలో పంట పేరు కింద రాస్తున్నాం. కొత్త చీటీ రాసే ముందు ఒకసారి అది తిరగేయండి. సొర, బీర పిందెలు పసుపెక్కి రాలిపోవడం గురించి ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఆడపువ్వుకు మగపువ్వు పుప్పొడి అందకపోతే పిందె నిలవదు. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాబట్టి మగపువ్వు కోసి ఆడపువ్వుకు తాకించే పని ఆ వేళ చేయాలి. పొద్దున చేస్తే కుదిరేది కాకరకూ, దోసకూ. ఇదంతా పుస్తకంలో ఉంది. మీ ఇంట్లో అలా చేసినా పిందె నిలవకపోతే ఆ పేజీ కిందే మీ అనుభవం రాయండి, పాత చర్చ అక్కడి నుంచే ముందుకు సాగుతుంది.

పాత సభ్యులకు ఒక మనవి. "ఇది ఎప్పుడో చెప్పుకున్నాం కదా" అని కొత్తవాళ్లను కూర్చోబెట్టేయకండి. ఒకసారి అలా జరిగి ఒకాయన రావడమే మానేశారు. ఆ పేజీ తీసి చేతికివ్వండి, పక్కన కూర్చుని చదివించండి.

పుస్తకంలో ఇంకా కొన్ని పేజీలు సగంలోనే ఉన్నాయి. ప్రశ్న ఉంది, మనం చెప్పిన సలహా ఉంది, తర్వాత ఏమైందో లేదు. బెండ పల్లాకు తెగులు పేజీ అలాంటిదే, జామకు పిండినల్లి పేజీ కూడా. మొక్క బతికినా పోయినా సరే, ఆ చీటీలు రాసినవాళ్లు వచ్చే రెండో ఆదివారం కాస్త ముందుగా వచ్చి ఆ ఖాళీ వరుసలు నింపాలని కోరుతున్నాను.

ఇట్లు
కార్యదర్శి