ఏ విభాగం తన తప్పును ఎలా పట్టుకుంటుంది?

చి. శ్రావణికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన పీహెచ్‌డీ ప్రవేశాల ప్రకటన చూశాను. నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో పూర్తి చేసినవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి వెళ్లొచ్చు, నెట్ అర్హత పరీక్ష కూడా డిగ్రీలో చదివిన సబ్జెక్టులోనే రాయాలని లేదు. అందుకే నీకిప్పుడు అన్ని తలుపులూ తెరిచి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. "అన్ని విభాగాల్లోనూ చేసేది పరిశోధనే కదా, తేడా ఏముంటుంది?" అని అడిగావు. చాలా ఉంటుంది. అంశం నీకు నచ్చడం సగం మాత్రమే. ఆ విభాగం తన తప్పును ఎలా పట్టుకుంటుందన్నది మిగతా సగం. వచ్చే నాలుగైదేళ్లు రోజూ నువ్వు చేయబోయేది ఆ పనే.

నీకు తెలిసిన కెమిస్ట్రీతోనే మొదలుపెడతాను. ఆర్గానిక్ ల్యాబులో రియాక్షన్ నడపడం కంటే, వచ్చినదాన్ని శుద్ధి చేయడానికే ఎక్కువ సమయం పోతుంది. కాలమ్, అంటే పదార్థాలను విడదీసే సిలికా నింపిన గొట్టం, వేసే ముందు హెక్సేన్, ఇథైల్ అసిటేట్‌ల పాళ్లు మారుస్తూ, కావలసిన పదార్థం చుక్క టీఎల్‌సీ ప్లేటు (సిలికా పూసిన చిన్న పలక) మీద పావు నుంచి మూడో వంతు ఎత్తులో నిలిచేదాకా చూడాలి. గ్రాము ముడి పదార్థానికి 30 నుంచి 50 గ్రాముల సిలికా పడుతుంది. చుక్కలు మరీ దగ్గరగా ఉంటే 100 గ్రాములైనా పోయాలి. సిలికా తగ్గించినా, మధ్యలో కాలమ్ ఎండి పగిలినా రెండు పదార్థాలూ కలిసే దిగుతాయి. ఆ తర్వాత 5 నుంచి 10 మిల్లీగ్రాములు డ్యుటీరేటెడ్ క్లోరోఫామ్‌లో కరిగించి, అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎమ్‌ఆర్‌కు ఇస్తారు. ఆ గ్రాఫులో 7.26 దగ్గర వచ్చే గీత క్లోరోఫామ్‌ది. 1.26, 2.05, 4.12 దగ్గర గీతలు కనిపిస్తే అవి నీ అణువువి కావు, ద్రావణిని ఆవిరి చేసే రోటావేపర్‌లో పూర్తిగా పోని ఇథైల్ అసిటేట్‌వి. దానితో సహా తూచి యీల్డు రాసుకున్నవాళ్లు లేని పదార్థాన్ని లెక్కలో వేసుకున్నట్టే.

తేమ సంగతి కూడా చూడు. ఒక మిల్లీమోల్ బ్యూటైల్ లిథియంతో పని చేసేటప్పుడు 18 మిల్లీగ్రాముల నీరు చాలు, రియేజెంటంతా చచ్చిపోతుంది. అది ఒక చుక్కలో సగం కూడా కాదు. అందుకే టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిని సోడియం, బెంజోఫినోన్‌లతో మరిగించి, ముదురు నీలం తిరిగాకే వాడతారు. ఆ నీలం రానప్పుడు ఎంత తొందరున్నా ఆగాలి. ఇన్ని ఇబ్బందులున్నా కెమిస్ట్రీ దయగల శాస్త్రమనే అంటాను. నువ్వు తప్పు చేస్తే రెండు మూడు రోజుల్లోనే చెప్పేస్తుంది.

మొక్కలు, పంటల విభాగాల్లో ఆ సంగతి తెలియడానికి ఒక పంటకాలం పడుతుంది. బాపట్ల పరిశోధనా స్థానం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, తినడానికి ఎంత బాగుంటుందో ఎండాకు తెగులుకు అంత లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధనా సంచాలనాలయం కలిసి దానిలోకి మూడు నిరోధక జన్యువులను తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. జన్యువును తేవడం ఒక ఎత్తయితే, దానితోపాటు దాత రకం నుంచి వచ్చే అక్కరలేని సరుకును వదిలించుకోవడం మరో ఎత్తు. తిరిగి సాంబ మసూరితో ఒకసారి సంకరం చేస్తే సగటున 75 శాతం పాత రకం వస్తుంది. రెండోసారికి 87.5, మూడోసారికి 93.75, నాలుగోసారికి దాదాపు 97. కావలసిన జన్యువు పక్కనే అతుక్కుని ఉన్న ముక్క మాత్రం ఈ లెక్కకు లొంగదు. గింజ సన్నదనమో, అన్నం మెత్తదనమో అక్కడే చెడుతుంది. ప్రతి తరంలోనూ మార్కర్లతో (డీఎన్‌ఏ గుర్తులతో) వేలాది మొక్కల్ని వడపోసేది ఇందుకే.

పొలంలో ప్రయోగం వేసేటప్పుడు ఎక్కువమంది దెబ్బతినేది రెప్లికేషన్, అంటే అదే ప్రయోగాన్ని వేరువేరు మొక్కల మీద తిరిగి చేయడం, దగ్గర. ఒకే మొక్క నుంచి మూడు ఆకులు తీసుకుంటే మూడు నమూనాలు కావు. అది ఒకే మొక్కను మూడుసార్లు కొలవడం. మడికి ఒకవైపు సారం ఎక్కువుంటే, బ్లాకులు, అంటే పోల్చే రకాలన్నీ కలిపి నాటే భాగాలు, ఆ సారం తగ్గే దిశకు అడ్డంగా పడాలి. గట్టు పక్క వరసలకు వెలుతురు, గాలి ఎక్కువ అందుతాయి కాబట్టి వాటి దిగుబడిని లెక్కలోంచి వదిలేయాలి. కోసిన ధాన్యాన్ని 14 శాతం తేమకు సరిచేయకుండా తూచి పోలిస్తే, తడి ధాన్యం గెలిచినట్టు కనిపిస్తుంది. ఇందులో ఏది తప్పినా కోత అయ్యాకే తెలుస్తుంది, మళ్లీ నాట్లదాకా ఆగాలి. అన్నేసి నెలలు ఎదురుచూసే ఓపిక నీకుందా అన్నది నిజాయితీగా ఆలోచించుకో.

ఆర్థికశాస్త్రంలో కొలిచేది నువ్వు కాదు. జాతీయ నమూనా సర్వే వాళ్లు ఇంటింటికీ తిరిగి తెచ్చిన వివరాలు నీ కంప్యూటర్‌లోకి వస్తాయి. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు మల్టిప్లయర్ మరచిపోవడం. నమూనాలో ప్రతి కుటుంబమూ వేరువేరు సంఖ్యలో కుటుంబాలకు ప్రతినిధి. కొన్ని వర్గాల ఇళ్లను కావాలనే ఎక్కువగా ఎంచుకుంటారు. ఆ బరువు వేయకుండా సగటు తీస్తే అది ఏ ఊరి సగటూ కాదు. రెండో తప్పు పోల్చకూడనివి పోల్చడం. 2011-12 వినియోగ సర్వేలో ఒక్క సందర్శనలో అన్నీ అడిగారు. 2022-23లో ఆహారానికి, ఇతర సరుకులకు, మన్నికగల వస్తువులకు మూడు ప్రశ్నావళులు చేసి మూడు విడతలుగా వెళ్లారు. మనిషి గంటన్నర తర్వాత అలసిపోయి చెప్పే జవాబు ఒకటి, తీరిగ్గా చెప్పేది ఇంకొకటి. రెండు సర్వేల మధ్య తేడాలో పెరిగిన ఖర్చు ఎంత, మారిన అడిగే పద్ధతి ఎంత అన్నది విడదీయకుండా పేదరికం గురించి వాక్యం రాయకూడదు.

ఇక చరిత్ర. శాసనాలు చదవడం సైన్స్ కాదనేవాళ్లతో నేనెప్పుడూ ఒప్పుకోను. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గరున్న కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనమే తీసుకో. అందులో శక వర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం అని ఉంది. శకానికి 78 కలిపితే 1162 వస్తుంది. కానీ మాఘం జనవరి, ఫిబ్రవరిల్లో పడుతుంది, అప్పటికి క్రీస్తు శకం ఒక అంకె ముందుకెళ్లి ఉంటుంది. కాబట్టి 1163. అక్కడితో ఆగకూడదు. శక సంవత్సరం గడిచినదా, నడుస్తున్నదా అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీర్చడానికి అరవై ఏళ్ల చక్రం ఉంది. 2002-03 చిత్రభాను, అక్కడి నుంచి సరిగ్గా 840 ఏళ్లు వెనక్కి వెళ్తే 1162-63 కూడా చిత్రభానే. చివరగా వారం. లెక్క కడితే 1163 జనవరి 19 వస్తుంది, ఆ రోజు శనివారం. వడ్డవారమంటే శనివారమే. నాలుగు సాక్ష్యాలు ఒకదాన్నొకటి సమర్థించాయి. ఒక్కటి తప్పినా శిల్పి పొరబడ్డాడా, చదివినవాడు పొరబడ్డాడా, లేక ఆ శాసనమే తర్వాతి కాలంలో చెక్కిందా అని వెతకాలి.

చదవడానికి ముందు అచ్చు తీయాలి. రాయిని బ్రష్షుతో, నీళ్లతో కడిగి నాచు, సున్నం తీసేస్తారు. తడిపిన కాగితాన్ని పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో కొడుతూ అక్షరాల గుంటల్లోకి దింపుతారు. కాగితం కొంచెం ఆరాక పైన సిరా అద్దుతారు. గుంటలో ఉన్నది తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. కాగితం ఇంకా తడిగా ఉండగానే సిరా అద్దితే అది పాకి అక్షరం ముద్దవుతుంది. మరీ ఆరితే గాలికి లేచిపోతుంది. రాయి మీది పగులు కూడా గీతలాగే పడుతుంది కాబట్టి, ఫొటోలూ అచ్చూ ఎన్ని ఉన్నా సందేహం వచ్చిన అక్షరం కోసం మళ్లీ రాయి దగ్గరికే వెళ్లాలి.

నిజాం కాలపు రికార్డుల మీద పనిచేస్తే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) తేదీలు ఎదురవుతాయి. క్రీస్తు శకం రావాలంటే ఫసలీకి 590 కలపాలి. అయితే హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, మద్రాసు ప్రెసిడెన్సీ ఫసలీ జూలై 1న. 1357 ఫసలీ కర్నూలులో 1947 జూలైలో మొదలైతే, నది దాటి పాలమూరులో అక్టోబరులో మొదలైంది. ఈ మూడు నెలలు పట్టించుకోకపోతే ఏది కారణమో ఏది ఫలితమో తారుమారవుతుంది.

తెలుగు విభాగంలో తాళపత్ర ప్రతుల పరిష్కరణ, అంటే ప్రతులను పోల్చి అసలు పాఠం తేల్చడం, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ఒక కావ్యానికి ఐదు ప్రతులు దొరికాయనుకో. నాలుగింటిలో ఒక పాఠం, ఐదోదానిలో వేరే పాఠం ఉంటే నాలుగుదే గెలుస్తుందనుకుంటాం. గెలవదు. ఆ నాలుగూ ఒకే తల్లి ప్రతి నుంచి ఎత్తి రాసినవైతే, అవి నాలుగు కాదు, ఒకే సాక్షి. ఆ సంగతి తేల్చేది ఉమ్మడి తప్పులు. రెండు ప్రతుల్లో సరైన పాఠం ఒకటే కావడం మామూలే, అదే చోట అదే వింత తప్పు రెండింటిలోనూ ఉంటే చుట్టరికం ఉన్నట్టే. తాటాకు మీద ప-వ, మ-య లాంటి జంటలు కలిసిపోతాయి. పదాల మధ్య ఎడం ఉండదు, పాదాలు విడిగా రాయరు. అక్కడ మనకు మన ఛందస్సే తోడు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, రెండోది ప్రాస, పదోది యతి. లేఖకుడు ఆ చోట్ల పొరబడితే వెంటనే బయటపడుతుంది. ఛందస్సు పట్టుకోలేనివి పాదంలోని మిగతా చోట్ల జరిగే మార్పులు, మరీ ముఖ్యంగా కవిత్వం తెలిసిన లేఖకుడు చేసినవి. అర్థం కాని పాత మాటను తీసేసి, గణానికి సరిపడే తేలిక మాటను అందంగా కూర్చిపెడతాడు. అందుకే రెండు పాఠాలూ ఛందస్సుకు కుదిరితే, లేఖకుడికి కొత్తగా తోచే అవకాశం తక్కువున్న కఠినమైన పాఠాన్ని ముందు పరీక్షించాలి. విడిచిపెట్టిన పాఠాన్ని కూడా అధోజ్ఞాపికలో (పుట కింది గమనికలో) ఇవ్వాలి, రేపు ఇంకో ప్రతి దొరికితే నీ తీర్పు మార్చేందుకు వీలుండాలి.

భాషాశాస్త్రంలో ప్రతులకు బదులు మనుషులుంటారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో వ్యవసాయ వృత్తిపదాలు సేకరించి 1962లో కోశంగా తెచ్చారు. ఆ సేకరణ ఆధారంగానే తెలుగును నాలుగు మాండలిక ప్రాంతాలుగా విభజించి చూపగలిగారు. ఇలాంటి పనిలో ఉన్న కిటుకు ఒక్కటే. పుస్తకంలోని మాట చెప్పి "మీరూ ఇదే అంటారా?" అని అడగకూడదు, మర్యాదకు అవునంటారు. నాగలి దగ్గరికి తీసుకెళ్లి కర్రునో మేడినో చూపించి "దీన్నేమంటారు తాతా?" అని అడగాలి. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఆ పని చేతులతో చేసినవాళ్లనే ఎంచుకోవాలి. తెలియదన్నా అదీ రాసుకోవాలి.

గణితంలో పరికరాలుండవు. తప్పు ఒక్క వాక్యంలో, "స్పష్టమే" అని రాసి దాటేసిన చోట ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌లో ఎక్కువగా పరీక్ష వేసే పద్ధతిలో ఉంటుంది. తెలుగు అక్షరాలు గుర్తించే ప్రోగ్రాము కోసం పుస్తకాల పేజీలను కలగలిపి, కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు పంచారనుకో. ఒకే పుస్తకం, ఒకే అచ్చు రెండు వైపులా ఉంటాయి, ఫలితం అద్భుతంగా వస్తుంది. వేరే అచ్చులో వత్తులు, గుడులు కొత్తగా కనిపించగానే అది కుప్పకూలుతుంది. పంచాల్సింది పేజీలవారీగా కాదు, పుస్తకాలవారీగా.

సైకాలజీ, వైద్య విభాగాల్లో మనుషుల మీద పని కాబట్టి నైతిక కమిటీ అనుమతి రాకముందు ఒక్కరినీ చేర్చుకోకూడదు. సమ్మతి పత్రం పాల్గొనేవాళ్ల భాషలో ఉండాలి. క్లినికల్ ట్రయల్ అయితే 2009 జూన్ నుంచి ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ముందుగా రాసిపెట్టిన ప్రశ్నను ఫలితం చూశాక చాటుగా మార్చుకునే వీలుండదు.

ఇన్ని తేడాలున్నాయి కాబట్టి పేపర్ల సంఖ్యతో విభాగాలను తూచకు. కెమిస్ట్రీలో ఐదారుగురి పేర్లుంటాయి, గైడ్ పేరు సాధారణంగా చివర. గణితంలో అక్షరక్రమం. చరిత్రలో ఎక్కువగా ఒక్కరే రాస్తారు, పేపర్ల కంటే పుస్తకానికి విలువ. కంప్యూటర్ సైన్స్‌లో పేరున్న సదస్సులో పేపరు పత్రికకు తీసిపోదు.

నియమాలు మాత్రం అందరికీ ఒకటే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. థీసిస్‌ను బయటి పరీక్షకులు ఇద్దరైనా చూడాలి. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి గైడ్‌గా ఉండొచ్చు. నెట్ ద్వారా ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరే.

వచ్చే నెల విభాగాలు చూడటానికి వెళ్లే ముందు, నువ్వు అనుకుంటున్న ఒక్కో గైడ్ దగ్గర పూర్తయిన చివరి రెండు థీసిస్‌లను థీసిస్‌లు ఉంచే వెబ్‌సైటు శోధగంగలో తెరువు. ముందుమాట వదిలేసి, పద్ధతుల అధ్యాయమూ అనుబంధాలూ చదువు. అక్కడికి వెళ్లాక ప్రొఫెసర్లతో పాటు మూడో ఏడాది స్కాలర్లతోనూ మాట్లాడు. "చివరిసారి ఏది తప్పయింది, ఎలా తెలిసింది?" అని అడుగు. కెమిస్ట్రీ అయితే ఎన్‌ఎమ్‌ఆర్‌కు ఎన్ని రోజుల క్యూ ఉందో, మొక్కల విభాగమైతే మైనస్ 80 ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందో లేదో, చరిత్ర అయితే ఆర్కైవ్స్ అనుమతికి ఎంతకాలం పడుతోందో కనుక్కో. ఎవరేం చెప్పారో రాసి నాకు పంపు, నాన్న కూడా చూస్తానన్నారు.

ప్రేమతో,
అమ్మ