ట్రైలర్ టైరును ఎవరు చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాక లారీ టైరు పేలిందనో, ఇంజిన్ వేడెక్కి బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందనో వార్తలు మొదలవుతాయి. కారణం దగ్గర ‘ఎండ తీవ్రత’ అని రాసి వదిలేస్తారు. 22 ఏళ్లు లారీ నడిపి, ఇప్పుడు లారీల రిపేరు పని చూసుకుంటున్నాను. ఆ రెండు మాటలు చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పేలిపోయిందని నా దగ్గరకు తెచ్చిన టైర్లను విప్పి చూస్తే చాలావాటిలో కనిపించింది ఒక్కటే. రోజుల తరబడి తక్కువ గాలితో తిరిగిన గుర్తులు.

గాలి తక్కువగా ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం ఎక్కువగా నలుగుతుంది. ఆ నలుగుడుకే వేడి పుడుతుంది. కింద రోడ్డు కూడా కాలుతుంటే టైరు చల్లబడే వీలుండదు. చివరికి రబ్బరుకూ లోపలి తీగలకూ మధ్య పట్టు వదిలిపోతుంది. ఉండాల్సిన గాలిలో ఐదో వంతు తగ్గితే ఆ టైరును గాలి దిగిపోయినదాని కిందే లెక్కేయాలి. జంట టైర్లలో బయటిదాన్ని అందరూ చూస్తారు. లోపలిదాని వాల్వు చేతికి అందదని ఇనుప రాడ్డుతో రెండు దెబ్బలు కొట్టి, శబ్దం బాగానే ఉందనుకుంటారు. పూర్తిగా దిగిపోయిన టైరు ఆ శబ్దానికి దొరుకుతుంది గానీ గాలి ఒత్తిడి 20 పౌండ్లు తగ్గిన టైరు దొరకదు. గేజీ పెట్టి చూడాల్సిందే, అదీ పొద్దున్నే బండి కదలకముందు. మధ్యాహ్నం దారిలో ఆపి చూస్తే వేడికి గేజీ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. చల్లారాక ఆ టైరులో గాలి చాలదు, మర్నాడు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

నా అసలు బాధ ట్రైలర్ గురించి, అంటే ఇంజిన్ లేకుండా వెనక తగిలించి లాగే సరుకు బండి గురించి. ముందు లాగే బండికి ఒక డ్రైవర్ ఉంటాడు, దాని చప్పుడులో చిన్న తేడా వచ్చినా పసిగడతాడు. ట్రైలర్‌ను ఇవాళ ఒక బండికి, రేపు ఇంకో బండికి తగిలిస్తారు. అది నాది అనుకునే మనిషి ఉండడు. ఒకసారి లోడుతో సిద్ధంగా ఉన్న ట్రైలర్‌ను తగిలించుకుని బయల్దేరమన్నారు. వెనక ఇరుసు హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గర గ్రీజు కారిన మరక చూసి చెప్పాను. “లోడు లేటవుతుంది, వచ్చాక చూద్దాం” అన్నారు. బయల్దేరాను. నాలుగు గంటల తర్వాత వెనక వస్తున్న బస్సు డ్రైవర్ ఆగకుండా హారన్ కొడుతూ చెయ్యి ఊపితే గానీ చక్రం నుంచి పొగ వస్తోందని నాకు తెలియలేదు. బేరింగ్ మాడిపోయింది. అతను చూసి ఉండకపోతే ఏమయ్యేదో! ఆ రోజు బండి తీయనని గట్టిగా చెప్పలేకపోయాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇంజిన్ విషయంలోనూ అంతే, పని ముందే చేసుకోవాలి. రేడియేటర్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. దానికీ, ముందున్న ఇంటర్‌కూలర్‌కూ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) మధ్య సందులో దుమ్ము, పురుగులు, గడ్డి పేరుకుని గాలిని ఆపేస్తాయి. అందుకే ఫ్యాను వైపు నుంచి బయటికి, నెమ్మదైన నీటిధారతో కడగాలి. కూలెంట్ తగ్గిందని కుళాయి నీళ్లు పోసుకుంటూ పోతే లోపల పాచిలా ఉప్పు కడుతుంది, తుప్పు పడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే ఉత్త నీళ్లకంటే ఆలస్యంగా మరుగుతుంది. రేడియేటర్ మూత రబ్బరు పాడైతే లోపల ప్రెషర్ నిలవదు, మంచి కూలెంట్ పోసినా త్వరగా మరిగిపోతుంది. చిన్న మూతే కదా అని దాన్ని మార్చరు. ఫ్యాన్ బెల్టు, హోసులు, బ్యాటరీ కూడా అప్పుడే చూసుకోవాలి. కొత్త బండ్లలో పొగ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు సైలెన్సరు వైపు విపరీతమైన వేడి పుడుతుంది. అలాంటప్పుడు ఎండుగడ్డి మీద బండి ఆపితే నిప్పు అంటుకోవచ్చు.

యజమానులను అడిగేదొకటే. వేసవికి ముందు ప్రతి బండికీ ఒక రోజు కేటాయించండి, ట్రైలర్‌ను కూడా షెడ్డులోకి తెప్పించండి. బ్రేకులు పూర్తిగా వదులుతున్నాయా, హబ్బుల్లో గ్రీజు ఉందా, ప్రతి టైరులో గాలి ఎంత ఉంది, ఇవన్నీ చూసి కాగితం మీద రాయించండి. స్టెప్నీని కూడా వదలొద్దు. ఈ ట్రైలర్ ప్రయాణానికి పనికిరాదని డ్రైవర్ చెప్తే ఆ రోజు కూలి కోయొద్దు. సరుకు పంపేవాళ్లు కూడా ఆ ఆలస్యాన్ని ఒప్పుకోవాలి. రోడ్డు మీద తనిఖీ చేసే అధికారులు కాగితాలతో పాటు ట్రైలర్ లోపలి టైర్లకు గేజీ పెట్టి చూస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇకమీద టైరు పేలిన వార్త రాసేటప్పుడు ఆ టైరు వయసెంతో కనుక్కుని రాయండి. టైరు పక్కభాగం మీద అందుకు నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. లోడు ఎంత ఉంది, ట్రైలర్‌ను చివరిసారి ఎప్పుడు చూశారు అని కూడా అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాత లారీ డ్రైవర్