‘కస్టమర్ ఇంట్లో లేరు’ అని రాసుకున్న కంపెనీ వారికి

రాజమహేంద్రవరం,
2026 జనవరి 3.

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

విషయం: డిసెంబర్ 24న నేను ఇంట్లోనే ఉన్నాను.

అయ్యా,

మీ ఓవెన్ మోడల్ నంబరు, సీరియల్ నంబరు, బిల్లు తేదీ ఈ ఉత్తరంలో రాయడం లేదు. మీ మనుషులకు ఆరుసార్లు చెప్పాను. ఆరుసార్లూ "నోట్ చేసుకున్నాను మేడమ్" అన్నారు. ఆ నోటు పుస్తకం ఎక్కడుందో మీరే వెతికించుకోండి. ఓవెన్ జబ్బు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కింది రాడ్ వేడెక్కడం లేదు. కేకు పైన మాడిపోతుంది, అడుగున పిండి పిండిలాగే ఉంటుంది. వస్తువన్నాక పాడవుతుంది. దానికి నాకేం కోపం లేదు.

కోపం దేనికో తెలియాలంటే మొదటినుంచీ వినాలి.

మా ఇంట్లో క్రిస్మస్ కేకు ఏటా నేనే చేస్తాను. ఈసారి మా పాప "మంచు కేకు" కావాలంది. మా ఊళ్లో మంచు అంటే తెల్లారగట్ల గోదావరి మీద దిగి, ఆర్చి వంతెన కనపడకుండా చేసేదే. దానికి కావలసింది అది కాదు, టీవీలో ఇళ్ల కప్పుల మీద పడే మంచు. సరేనన్నాను. మూడు లేయర్ల వెనీలా కేకు, మధ్యలో పైనాపిల్, చుట్టూ తెల్ల క్రీమ్, పైన మంచుకి ఎండుకొబ్బరి పొడి. ఐస్‌క్రీమ్ కోన్లు బోర్లించి, స్టార్ నాజిల్‌తో కిందనుంచి పైకి ఆకుపచ్చ క్రీమ్ పెట్టుకుంటూ పోతే క్రిస్మస్ చెట్లు. ఇక గడ్డకట్టిన చెరువు ఒకటి ఉండాలంది. దానికి నాకు తట్టింది పూతరేకు. బెల్లం, నెయ్యి ఏమీ పెట్టని ఉత్త రేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించాను. చేత్తో విరిచి పరిస్తే అచ్చం మంచు పలకలే. కాకపోతే చెమ్మ తగిలితే చాలు, మెత్తబడి ముద్దయిపోతాయి. అందుకని వాటిని ఆఖరి నిమిషంలోనే పెట్టాలి. ఇదంతా మాకెందుకంటారా? మీరు ఫోన్లో వేసిన సంగీతం మొత్తం నేను విన్నాను. నా కేకు సంగతి మీరు వినండి.

డిసెంబర్ 9న ముందుగా ఒక లేయర్ చేసి చూద్దామనుకుంటే ఓవెన్ బండారం బయటపడింది. ఫోన్ చేశాను. "తెలుగు కోసం 4 నొక్కండి" అంది. నొక్కాను. హిందీ అమ్మాయి వచ్చింది. నా హిందీ పదో తరగతితోనే ఆగిపోయింది. అయినా "నీచే కా రాడ్ గరమ్ నహీ" అని నా పాట్లు నేను పడ్డాను. ఆ పిల్ల "ఓవెన్ ప్లగ్ పెట్టారా?" అని అడిగింది. పెట్టాను తల్లీ. పైన మాడుతోందంటే కరెంటు వస్తున్నట్టే కదా. "ఒకసారి తీసి మళ్ళీ పెట్టండి" అంది. తీశాను, పెట్టాను. 48 గంటల్లో టెక్నీషియన్ ఫోన్ చేస్తాడంది.

చేయలేదు. మళ్ళీ నేనే చేశాను. ఈసారి తెలుగు అబ్బాయే. ఎంత సంతోషపడ్డానో! ఆ సంతోషం రెండు నిమిషాలు. వారంటీ రాజమహేంద్రవరం పేరు మీద ఉందట, సిస్టంలో రాజమండ్రి మాత్రమే ఉందట, రెండూ కలవడం లేదట. బాబూ, రెండూ ఒకే ఊరు, 2015లో పేరు మార్చారు అన్నాను. "అయితే మీరు షిఫ్ట్ అయ్యారా మేడమ్?" అన్నాడు. లేదు నాన్నా, మేం కదల్లేదు, పేరే మారింది. "అడ్రస్ చేంజ్ రిక్వెస్ట్ పెడతాను, 5 పనిదినాలు పడుతుంది" అన్నాడు. పుట్టి పెరిగిన ఊళ్లో, ఉన్న ఇంట్లోంచి ఉన్న ఇంట్లోకి అడ్రస్ మార్చుకున్నదాన్ని ఈ భూమి మీద నేనొక్కదాన్నే అయివుంటాను.

ఆ అయిదు రోజులూ ఆగకుండా చేస్తే ఒకరు "మీ ఏరియాకి సర్వీస్ లేదు" అన్నారు. 18న సూపర్‌వైజర్‌ని ఇమ్మన్నాను. "కనెక్ట్ చేస్తున్నాను" అన్నాడు. పాట వచ్చింది, పాట ఆగింది. ఒక గొంతు "నేను సూపర్‌వైజర్‌ని" అంది. ఆ గొంతు మొదట మాట్లాడిన అబ్బాయిదే! కాస్త బొంగురుగా, ముక్కుతో మాట్లాడుతున్నాడు, అంతే తేడా. నవ్వొచ్చింది నాకు. పాపం, ఆ పిల్లాణ్ణి ఏమీ అనకండి. మీ కంపెనీలో కష్టపడి పని చేసినవాడు నాకు వాడొక్కడే కనిపించాడు.

22న ఎట్టకేలకు ఊరి పేరు కలిసింది. 24న పది నుంచి ఆరు లోపు టెక్నీషియన్ వస్తాడని మెసేజ్ కూడా వచ్చింది. మా అత్తయ్య ఆ మెసేజ్ చూసి "వాళ్ళ మాట నమ్ముకుని కూర్చోకు, కుక్కర్ తీయి" అన్నారు. పెద్దవాళ్ళ మాట విన్నాను. 23 రాత్రి కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, మీద స్టాండు పెట్టి, విజిల్, గాస్కెట్ తీసేసి, సన్న మంట మీద ఒక్కో లేయర్ ముప్పావు గంట. కుక్కర్ ఒకటే, లేయర్లు మూడు. మూడోది దించేసరికి రాత్రి ఒంటిగంట. అయినా చక్కగా పొంగాయి.

ఇక 24. బాత్రూమ్‌కి వెళ్ళినా ఫోన్ పాప చేతికిచ్చి వెళ్ళాను. మావారిని బజారుకి పంపాను గానీ నేను గుమ్మం దాటలేదు. వీధి తలుపు తీసే ఉంది. పక్కింటి పిల్లి రెండుసార్లు లోపలికొచ్చింది, మీ టెక్నీషియన్ రాలేదు. ఆరు దాటాక ఫోన్ చేశాను. క్రీమ్ అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీశాను, ఆగితే కరిగిపోతుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి, బీటర్ తిప్పుతూ మాట్లాడాను. క్రీమ్ మీద గీతలు నిలిచి, బీటర్ ఎత్తితే కొన కొద్దిగా వంగుతుంది చూడండి, సరిగ్గా అక్కడ ఆపాలి. సరిగ్గా అక్కడే ఆ అమ్మాయి "మేడమ్, మీ కంప్లయింట్ క్లోజ్ అయింది కదా" అంది.

ఎవరు క్లోజ్ చేశారమ్మా?

"టెక్నీషియన్ మధ్యాహ్నం 2.10కి విజిట్ చేశారు. కస్టమర్ ఇంట్లో లేరు, డోర్ లాక్ అని రిమార్క్ ఉంది."

నా చెయ్యి బీటర్ మీదే ఉండిపోయింది. తేరుకుని గిన్నెలోకి చూసేసరికి క్రీమ్ రవ్వరవ్వగా విరిగిపోయింది. 2.10కి నేను గుమ్మానికి ఎదురుగా కూర్చుని పైనాపిల్ తరుగుతున్నానమ్మా అన్నాను. "సిస్టంలో అలాగే ఉంది మేడమ్" అంది. అంటే నా ఇంట్లో నేను ఉన్నానో లేదో మీ సిస్టం చెప్పాలి.

ఆ రాత్రి ఇంకో ప్యాకెట్ కోసం మావారు బండి వేసుకుని తిరిగారు. ఆరాధన వేళకి చెట్లు ఒకపక్కకి ఒరిగే ఉన్నాయి. పూతరేకుల చెరువు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

మా అత్తయ్య మిక్సీ మీ కంపెనీదే. 22 ఏళ్ళ నుంచి దోసెల పిండి, అల్లం పచ్చడి, నా కేకులకి పంచదార పొడి, అన్నీ దాంట్లోనే. జార్ బుష్ పోతే మార్పించుకున్నాం గానీ కంపెనీ మార్చలేదు. మా ఆడపడుచు పెళ్ళికి మీ గ్రైండరే పెట్టాం. ఓవెన్ కొనేటప్పుడు షాపతను వేరేది తక్కువలో ఇస్తానంటే, ఆయన మాట కొట్టేసి మీదే తెచ్చుకున్నాను. నమ్మకమంటే అది. దాన్ని మీరు "డోర్ లాక్" అని రెండు మాటల్లో తేల్చేశారు.

డిసెంబర్ 24 ఏం రోజో తెలుసా మీకు? జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986లో వినియోగదారుల చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది ఆ రోజే. మీవాళ్ళు ఏరి కోరి మంచి ముహూర్తమే పెట్టారు. 2019లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా నేను నా ఊరి నుంచే కేసు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు, లాయరు అక్కర్లేదు. మీ ఓవెన్ 5 లక్షలేం కాదుగా. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మెసేజీలు, నా కాల్ లిస్టు, 2.10కి మా పాప తీసిన వీడియో, అందులో నేనూ, పైనాపిలూ, తీసి ఉన్న తలుపూ అన్నీ భద్రంగా ఉన్నాయి. ఊళ్లో ఇంట్లో కేకులు చేసి అమ్ముకునే ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపు కూడా ఒకటుంది మాకు. వాళ్ళకి ఇంకా ఏమీ చెప్పలేదు. చెబితే ఆపడం నా వల్ల కాదు.

రాడ్ మారుస్తారో, ఓవెన్ మారుస్తారో, డబ్బులు వెనక్కిస్తారో మీ ఇష్టం. నాకు ముందు కావలసింది ఒకటి. ఆ "కస్టమర్ ఇంట్లో లేరు" అన్న మాట మీ రికార్డులోంచి కొట్టేసి, అది అబద్ధమని మీలో ఒక మనిషి, మెషీన్ కాదు, నాకు తెలుగులో ఫోన్ చేసి చెప్పాలి. సంక్రాంతి లోపు. ఆ తర్వాత నేను ఫోన్ ఎత్తను.

రాడ్ పట్టుకుని ఎవరైనా వస్తే రానివ్వండి. తలుపు తీసే ఉంటుంది. పిల్లి ఉంటుంది, భయపడొద్దని చెప్పండి.

ఇట్లు,
ఇంట్లోనే ఉన్న మీ కస్టమర్