హాలోవీన్ శనివారం: మన బడిలో నురగ కక్కే గుమ్మడికాయ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

న్యూజెర్సీలో ఇప్పుడు ఏ ఇంటి మెట్ల మీద చూసినా గుమ్మడికాయలే, చెట్లకి అస్థిపంజరాలే. హాలోవీన్‌కి ముందు వచ్చే శనివారం మన తెలుగు బడిలో గుణింతాలూ పద్యాలూ పక్కన పెట్టి సైన్స్ ప్రయోగాలు చేయిస్తున్నాం. మాటలు మాత్రం తెలుగులోనే.

"తెలుగు బడిలో హాలోవీన్ ఎందుకండీ?" అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పండగ నేర్పడం మన ఉద్దేశం కాదు. కానీ ఆ వారం పిల్లల బుర్రకి ఇంకేదీ ఎక్కదని మీకూ తెలుసు. పొంగడం, కక్కడం, మరక, నురగ లాంటి మాటలు పుస్తకంలో చూసి బట్టీ పట్టేకన్నా, ఎదురుగా జరుగుతుంటే అరిచి చెప్పడమే నయం. అయినా గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టే మనకి ఇదేమంత కొత్త కాదు. ఐర్లండ్‌లో మొదట టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారు. అమెరికాకి వలస వచ్చాకే వాళ్లకి గుమ్మడికాయ చేతికొచ్చింది.

చిన్న తరగతులకి పసుపు కాగితాలు. రబ్బింగ్ ఆల్కహాల్‌లో కలిపిన పసుపును టీచర్లు ముందురోజే కాగితాలకి పూసి ఆరబెడతారు. పిల్లలు దూదిపుల్లని వంటసోడా నీళ్లలో ముంచి ఆ కాగితం మీద 'దెయ్యం' అని రాస్తారు. పుల్ల తగిలిన చోటల్లా అక్షరం ఎర్రగా తేలుతుంది. నిమ్మరసం పూస్తే మళ్లీ పసుపే! దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపూ సున్నమూ చేసే పని కూడా ఇదే. ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మమ్మకో నాయనమ్మకో వీడియో కాల్ చేయించండి, మిగతా పాఠం వాళ్లే చెబుతారు.

పెద్ద తరగతులకి అసలు సందడి. కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయలో సీసా పెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్, గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లలో నానిన ఈస్ట్ పోస్తాం. ఈస్ట్‌లోని కాటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజన్ సబ్బులో చిక్కి నురగై నోట్లోంచి పొంగుతుంది. మేం వాడేది మందుల షాపులో దొరికే 3 శాతం ద్రావణమే, కాబట్టి నురగ నెమ్మదిగానే వస్తుంది. యూట్యూబ్‌లో పైకప్పుని తాకే నురగలకి 30 శాతం వాడతారు. అది చర్మాన్ని కాలుస్తుంది, ఇంట్లో వద్దు.

డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పొగ ఉంటుంది, కానీ ముట్టుకునేది టీచర్లే, అదీ గ్లవ్స్‌తో, తలుపులు తెరిచి. అది మైనస్ 78 డిగ్రీల చలి. దాన్ని మూత బిగించిన సీసాలో వేస్తే పేలుతుంది. తెల్లగా కనిపించేది కార్బన్ డయాక్సైడ్ కాదు, గాలిలోని తేమే చలికి సన్నటి నీటి తుంపరగా మారినది. ఆ పొగ దేనిదన్న ప్రశ్న మీద పిల్లల్ని కాసేపు వాదించుకోనిస్తాం, దయచేసి జవాబు ముందే చెప్పేయకండి.

చివరిగా లైట్లార్పి, బ్లాక్ లైట్ (అతినీలలోహిత దీపం) కింద టానిక్ వాటర్ పెడతాం. అందులోని క్వినైన్ నీలంగా మెరుస్తుంది. మలేరియాకి ఒకప్పుడు ముఖ్యంగా ఇచ్చిన మందు అదే కాబట్టి, 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన కథ కూడా చెబుతాం.

పిల్లలకి పాత బట్టలు వేసి పంపండి, పసుపు మరక పోదు. వేషాలు సరే, పొడవాటి కేప్‌లూ మాస్కులూ వద్దు. వేరుశెనగ ఉన్న క్యాండీలు పంపకండి. ఇష్టం లేని పిల్లలు పక్క గదిలో కథలు చదువుకోవచ్చు, మాకు ముందే ఒక్కమాట చెబితే చాలు. గుమ్మడికాయలు చెక్కడానికి నలుగురైదుగురు పెద్దవాళ్లు కావాలి.

ఒక గుమ్మడికాయని మాత్రం మూతపెట్టిన గాజు తొట్టెలో థాంక్స్‌గివింగ్ దాకా ఉంచి, బూజు ఎలా పడుతుందో పిల్లలతో ప్రతివారం బొమ్మ గీయిస్తాం. మూత తీయం, వాసన గురించి టెన్షన్ పడకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు