సైరన్ మోగితే గేటు దగ్గరికి రాకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎస్‌ఏ-1 పేపర్లు దిద్దడం అయిపోయింది. మార్కులు వచ్చే వారం పిల్లల చేతికి ఇస్తాం. చదువు సంగతి ఈసారికి అంతే. ఉత్తరం మిగతాదంతా సైరన్ల గురించి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

తొమ్మిదో తరగతి పిల్లలు ఎవరి ఫోన్‌లోనో ఒక వీడియో చూశారు. అణు విద్యుత్ కేంద్రం పక్కనున్న ఊళ్లో సైరన్ మోగుతూ ఉంటుంది. దాని కింద ఎవరో తెలుగులో ‘అణు ప్రమాదం, అందరికీ షేర్ చేయండి’ అని రాశారు. అది ఫ్రాన్స్‌లో తీసిన వీడియో అని మా సైన్స్ సార్ కనిపెట్టారు. అక్కడ ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్లు పనిచేస్తున్నాయో లేదో మోగించి చూస్తారు. ప్రమాదమేమీ లేదు. కానీ మర్నాటికి ఆ వీడియో మా బడిలో మూడు తరగతులు తిరిగేసింది. కొందరు పిల్లలు రాత్రి సరిగా నిద్రపోలేదట. ఒక అమ్మాయి నేరుగా నా గదికే వచ్చి అడిగింది: “మేడమ్, మన ఆర్టీపీపీ కూడా పవర్ ప్లాంటే కదా, అక్కడ అట్లా మోగితే మనమేం చేయాల?”

మంచి ప్రశ్న. ముందు భయం సంగతి తేల్చేద్దాం. ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్, 1650 మెగావాట్ల బొగ్గు కేంద్రం. అందులో అణు రియాక్టర్ లేదు. మన కడప జిల్లాలోనే కాదు, ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడా నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టాలన్న ప్రతిపాదన ఉంది గానీ ఇంకా కట్టలేదు. మనకు దగ్గరలో ఉన్నది తమిళనాడులోని కల్పాక్కం. దగ్గర అన్నానే గానీ అది 250 కిలోమీటర్ల పైమాటే. కర్ణాటకలోని కైగా ఇంకా దూరం. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది కదా అని మీలో కొందరు అడిగారు. అక్కడ ఖనిజాన్ని తవ్వి శుద్ధి చేస్తారు, కరెంటు తయారు చేయరు. నీళ్ల గురించి, దుమ్ము గురించి ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు చెప్పుకునే బాధ వేరే విషయం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ రియాక్టర్ సైరన్‌కు, ఆ గనికి సంబంధం లేదు.

నిజానికి మన పిల్లలకు సైరన్ కొత్త కాదు. సున్నపురాయి క్వారీలో బ్లాస్టింగ్‌కు ముందు మోగేది వాళ్లకు తెలుసు, ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు మోగేదీ తెలుసు. క్వారీ సైరన్ వింటే దూరంగా జరగాలని ఇక్కడ గొర్రెలు కాసే వాళ్లు కూడా చెబుతారు. అణు కేంద్రం సైరన్ దీనికి పూర్తిగా భిన్నం. అది ‘పరుగెత్తండి’ అని చెప్పదు. ‘లోపలికి వెళ్లి, ఏం చెబుతున్నారో వినండి’ అని చెబుతుంది.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలో తెలియక అధికారులు తికమకపడ్డారు. రెండు రోజుల తర్వాత, 8 కిలోమీటర్ల లోపు ఉన్న గర్భిణులు, బడి వయసు రాని పిల్లలు వెళ్లిపోవడం మంచిదని గవర్నర్ సలహా ఇచ్చారు. వెళ్లమన్నది కొందరినే అయినా, దానికి ఎన్నో రెట్ల మంది ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ తర్వాతే అక్కడ నియమాలు గట్టిపడ్డాయి. ప్రతి కేంద్రం చుట్టూ దాదాపు 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళిక ఉండాలి, హెచ్చరించాలని నిర్ణయించాక సుమారు పావుగంటలో అది జనానికి చేరాలి అన్నారు. అలా చాలా కేంద్రాల చుట్టూ స్తంభాల మీద సైరన్లు వెలిశాయి. మన దేశంలోనూ అణు కేంద్రాల చుట్టూ అత్యవసర ప్రణాళిక పరిధి 16 కిలోమీటర్లే. ఆ పరిధిలో జనాన్ని కాపాడే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. రెండేళ్లకోసారి జనంతో కలిసి రిహార్సల్ కూడా చేయాలి.

లోపలికే ఎందుకు వెళ్లాలి? రియాక్టర్ నుంచి ఏదైనా బయటికి వస్తే అది గాలితో పాటు వాయువుగా, సన్నటి ధూళిగా పోతుంది. గాలి ఎటు వీస్తోందో కొలిచి చూసే వాళ్లకు తెలుస్తుంది, రోడ్డు మీద పరుగెత్తే మనకు తెలియదు. భయంతో పరుగెత్తినవాళ్లు ఆ గాలికి ఎదురెళ్లే ప్రమాదం ఉంది. తలుపులు, కిటికీలు వేసుకుని గోడల మధ్య ఉంటే పీల్చేదీ తగ్గుతుంది, ఒంటికి తగిలేదీ తగ్గుతుంది. ఊరు ఖాళీ చేయాల్సి వస్తే ఏ దారిన వెళ్లాలో టీవీలో, రేడియోలో, ఫోన్‌లో చెబుతారు.

హెచ్చరికే లేకపోతే ఏమవుతుందో అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు కేంద్రం చూపించింది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున 1:23కు రియాక్టర్ పేలింది. ఆ రోజు శనివారం. పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణంలో పిల్లలు మామూలుగానే బడికి వెళ్లారు, సాయంత్రం వీధుల్లో ఆడుకున్నారు. దాదాపు 49 వేల మందిని బస్సుల్లో ఎక్కించడం మర్నాడు మధ్యాహ్నం గానీ మొదలుకాలేదు. ఆ శనివారం ఆ బళ్లలో పాఠం చెప్పిన టీచర్లందరికీ వెంటనే నిజం చెప్పి ఉంటే, కనీసం కిటికీలు వేసి పిల్లల్ని లోపల కూర్చోబెట్టేవాళ్లు కదా అని నాకు అనిపిస్తుంది.

అంత దూరం ఎందుకు, 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ వాయువు లీకైంది. తెల్లవారుజామున జనం నిద్రలో ఉన్నారు. ఫ్యాక్టరీలో సైరన్ ఏర్పాటు ఉన్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. మరుసటి ఏడాది నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు నీట మునిగిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో కొందరి చుట్టాలు ఆ ఊళ్లవాళ్లే. మనకు రియాక్టర్ లేకపోవచ్చు గానీ ఫ్యాక్టరీలు, డ్యాములు, క్వారీలు ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో చిక్కు ఉంది. సైరన్ మోత అర్థం దేశానికో రకంగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో పెరుగుతూ తగ్గుతూ మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో 30 సెకన్లు మోగితే గండం గడిచినట్టు. 2025 మే 7న దేశమంతా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ జరిగినప్పుడు మనకు చెప్పిందీ దాదాపు ఇదే పద్ధతి. అమెరికాలోని చాలా అణు కేంద్రాల దగ్గర మాత్రం ఒకే స్థాయిలో కొన్ని నిమిషాలు మోగడమే హెచ్చరిక! వీడియోలు చూసి పిల్లలు నేర్చుకుంటే వచ్చే ఇబ్బంది ఇదే.

తప్పుడు హెచ్చరికలూ వస్తాయి. 2020 జనవరి 12 ఆదివారం పొద్దున కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో అందరి ఫోన్లకూ పికరింగ్ అణు కేంద్రంలో ఏదో జరిగిందని మెసేజ్ వెళ్లింది. పరీక్ష చేస్తూ ఒక ఉద్యోగి పొరపాటున పంపిన మెసేజ్ అది. అది తప్పని ఫోన్లకు రెండో మెసేజ్ రావడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. మన ఫోన్లలోనూ 2023లో పెద్ద బీప్‌తో ‘ఎమర్జెన్సీ అలర్ట్’ అని వస్తే ఎంతమంది టెన్షన్ పడ్డారో గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ టెస్ట్. మామూలు ఎస్సెమ్మెస్‌లా నంబర్ నంబర్‌కూ వెళ్లదు, టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వస్తుంది. అలాంటిది వస్తే పూర్తిగా చదవండి. అది పరీక్షే అయితే ‘శాంపిల్ టెస్ట్’ అని అందులోనే రాసి ఉంటుంది.

ఉప్పు గురించి ఒక మాట. అణు ప్రమాదంలో వెలువడే రేడియోధార్మిక అయోడిన్ పిల్లల థైరాయిడ్ గ్రంథిలో చేరకుండా పొటాషియం అయోడైడ్ మాత్రలు ఇస్తారు. అదీ అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం ప్రమాదం తర్వాత చైనాలో జనం అయోడైజ్డ్ ఉప్పు కోసం దుకాణాల మీద ఎగబడ్డారు. ఉప్పు పని చేయదు, అందులో ఉండే అయోడిన్ అతి స్వల్పం. ఇక పుండ్లకు పూసే టించర్ అయోడిన్ తాగడం విషం తాగడమే. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. సైరన్ మోగినా, మెసేజ్ వచ్చినా దయచేసి పిల్లల కోసం బడి గేటు దగ్గరికి పరుగెత్తుకు రాకండి. తల్లిగా ఈ మాట వినడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ మన బడి దారిలో ఒక ఆటో, ఒక ట్రాక్టర్ ఎదురెదురు వస్తేనే బండ్లన్నీ ఆగిపోతాయి. నాలుగొందల బైకులు ఒకేసారి వస్తే అంబులెన్స్ రాదు, ఫైరింజన్ రాదు. అణు కేంద్రాలున్న చోట్ల కూడా బడి పిల్లల్ని బస్సుల్లో ముందే అనుకున్న చోటికి చేర్చి, తల్లిదండ్రులను అక్కడికే రమ్మంటారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. గాలిలో ఏదైనా లీకైతే పిల్లల్ని గదుల్లోనే ఉంచి కిటికీలు వేస్తాం. మంటలైతే మైదానంలోకి, వరదైతే మేడ మీదికి తీసుకెళ్తాం. పిల్లల్ని ఎక్కడ అప్పగిస్తామో క్లాస్ గ్రూపులో నేనే పెడతాను. అప్పగింత విషయంలో నా నంబర్ నుంచి రాని మెసేజ్‌ని నమ్మకండి.

ఈ నెల చివరి శుక్రవారం మూడో పీరియడ్‌లో రిహార్సల్ చేస్తాం. సైరన్ కాదు, మన బడి గంటే ఆగకుండా రెండు నిమిషాలు మోగుతుంది. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు కంగారు పడకుండా ముందు రోజు మైకులో చెప్పిస్తాం. సైరన్ శబ్దానికి బాగా భయపడే పిల్లలు, వినికిడి సమస్య ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ముందే చెప్పండి, వాళ్ల పక్కన ఒక టీచర్ ఉంటారు.

దీంతో పాటు ఒక చీటీ పంపుతున్నాను. మీరు అందుబాటులో లేకపోతే పిల్లల్ని ఎవరికి అప్పగించాలో ఇద్దరి పేర్లు, నంబర్లు రాసి, సంతకం పెట్టి సోమవారం లోగా క్లాస్ టీచర్‌కు పంపండి. పోయినేడు ఇచ్చిన నంబర్లలో చాలావరకు ఇప్పుడు పనిచేయడం లేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు